వెయ్యి యూనిట్ల గీతకి అటూ ఇటూ: టెక్సస్‌లో మా కరెంటు ప్లాన్ల రివ్యూ

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు, అట్టపెట్టెల మధ్య కింద కూర్చుని, ఫోన్‌లోనే పది నిమిషాల్లో కరెంటు ప్లాన్ తీసుకున్నాను. డాలస్ పక్కనున్న ప్లేనోలో మా జిప్ కోడ్‌ని, ప్లాన్లన్నీ చూపించే సైట్‌లో కొడితే వందకు పైగా ప్లాన్లు వచ్చాయి. రేటు తక్కువవి ముందు వచ్చేలా పెట్టి, పైనుంచి రెండోది నొక్కాను. మొదటిది ఎందుకు నొక్కలేదంటే, మరీ అట్టడుగు రేటంటే ఏదో మెలిక ఉంటుందని అనుమానం. నా తెలివి అంతవరకే పనిచేసింది. యూనిట్ 7.8 సెంట్లు, 12 నెలలు ఫిక్స్‌డ్. ఏడాది తిరిగాక లెక్క వేస్తే మాకు పడింది యూనిట్‌కి 15.4 సెంట్లు. తమాషా ఏమిటంటే, ఒప్పందంలో రాసినదాంట్లో కంపెనీ ఒక్క ముక్క కూడా తప్పలేదు.

కంపెనీ పేరు రాయను. ఇలాంటి ప్లాన్ అమ్మేది వాళ్లొక్కరే అయితే రాసేదాన్నేమో. పేరు చెబితే వాళ్లని తప్పించుకుని, పక్క కంపెనీలో అచ్చం ఇలాంటిదే తీసుకుంటారు.

అక్టోబరు నుంచి మార్చి దాకా బిల్లు ఎక్కువొస్తోందని తెలుస్తూనే ఉంది. కొత్త ఇల్లు, పెద్ద ఇల్లు, అంతే ఉంటుందిలే అనుకున్నాం. ఏప్రిల్లో నాన్న వచ్చారు. గుడివాడ దగ్గర లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. ఎవరింటికి వెళ్లినా ముందు మీటర్ ఎక్కడుందో చూస్తారు, తర్వాతే మంచినీళ్లు. వచ్చిన రెండోరోజు ఫ్రిజ్ తలుపు మీద మార్చి బిల్లు చూసి, కళ్లజోడు సర్దుకుని, "640 యూనిట్లకి 131 డాలర్లా? అమ్మాయ్, నువ్వు 7.8 సెంట్లన్నావే?" అన్నారు. నోటి లెక్కన కూడా 50 డాలర్లు రావాలి. నా దగ్గర జవాబు లేదు.

ముందు ఆయనకి ఇక్కడి పద్ధతి చెప్పాల్సి వచ్చింది. కరెంటు తయారుచేసేవాళ్లు వేరు. స్తంభాలు, తీగలు, మీటర్లు మా ప్రాంతంలో ఆన్‌కోర్ అనే కంపెనీవి. మనకి బిల్లు పంపేది మూడో కంపెనీ. 1999లో శాసనసభ ఏడో నంబరు సెనేట్ బిల్లు పాస్ చేస్తే, 2002 జనవరి 1 నుంచి ఇళ్లకి కరెంటు అమ్మడంలో పోటీ మొదలైంది. 1999 అని వినగానే నాన్న నవ్వారు. "మా బోర్డుని ముక్కలు చేసిందీ ఆ ఏడే. ఫిబ్రవరి ఒకటో తారీఖు. జెన్‌కో, ట్రాన్స్‌కో అని బోర్డులు మార్చారు. మా యూనిఫాం మాత్రం మారలేదు."

తర్వాత వరసగా ప్రశ్నలు. స్తంభం ఎవరిది? ఆన్‌కోర్‌ది. తీగ? వాళ్లదే. గాలివానకి లైను తెగితే వచ్చేది ఎవరు? వాళ్లే. కంపెనీ మారితే మీటర్ మారుస్తారా? మార్చరు. కరెంటు కాసేపైనా పోతుందా? పోదు. "మరి ఈ మూడోవాడు అమ్మేదేమిటే?" అన్నారు. నేను ఆలోచించేలోపే ఆయనే, "బిల్లు" అన్నారు.

కొంచెం అన్యాయమే ఆ మాట. టోకు మార్కెట్లో ధర నిమిషాల మీద మారుతుంటే, ఆ రిస్కు తన నెత్తిన వేసుకుని మనకి ఏడాది పాటు ఒకే రేటు ఇచ్చేది ఆ మూడోవాడే. దాని విలువ 2021 ఫిబ్రవరిలో తెలిసింది. అప్పుడు ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. 15వ తారీఖు తెల్లవారుజామున మొదలైన కోతలు మర్చిపోలేను. పిల్లలకి స్వెటర్ల మీద స్వెటర్లు వేసి ఒకే మంచం మీద పడుకోబెట్టాం. ఆ రోజుల్లో టోకు ధర మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకి అక్కడే నిలబడింది. అంటే యూనిట్‌కి 9 డాలర్లు. టోకు ధర నేరుగా పడే ప్లాన్లలో ఉన్న ఇళ్లకి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మాది ఫిక్స్‌డ్ కాబట్టి మామూలు బిల్లే వచ్చింది. అదే ఏడాది చట్టం చేసి, ఇళ్లకి అలాంటి ప్లాన్లు అమ్మకుండా ఆపేశారు. కాబట్టి ఇప్పుడు మన ముందున్న ప్రమాదం అంత పెద్దది కాదు. చిన్నది, నెలనెలా వచ్చేది.

నాన్న "ఒప్పందం కాగితం తే" అన్నారు. ప్రతి ప్లాన్‌కీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని ఒకటి ఉంటుంది, అందరూ ఈఎఫ్ఎల్ అంటారు. రెండు పేజీలు మించదు. కంపెనీలన్నీ ఒకే నమూనాలో ఇవ్వాలని రూలు. సైట్‌లో ప్రతి ప్లాన్ పక్కనే దాని లింకు ఉంది. ఆరు నెలల క్రితం నేను నొక్కనిది అదే. ప్రింట్ తీసి ఇచ్చాను. డైనింగ్ టేబుల్ మీద పెట్టి, స్కేలు పెట్టి గీతలు గీస్తూ చదివారు. పై వరసలోనే మూడు అంకెలున్నాయి: నెలకి 500 యూనిట్లు వాడితే సగటు 20.7 సెంట్లు, 1000 వాడితే 7.8, 2000 వాడితే 13.9.

"మధ్యలో ఈ గొయ్యి ఏమిటి?"

గొయ్యి పేరు బిల్ క్రెడిట్. అసలు ఎనర్జీ చార్జీ యూనిట్‌కి 14.9 సెంట్లు. దాని మీద ఆన్‌కోర్ డెలివరీ చార్జీ అప్పట్లో నెలకి 4.23 డాలర్లు, యూనిట్‌కి మరో అయిదు సెంట్ల దాకా. ఈ డెలివరీ ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఒకటే, ఏడాదికి రెండుసార్లు మార్చిలో, సెప్టెంబరులో మారుతుంది. నా లెక్కలకి నిండుగా అయిదు సెంట్లు వేసుకున్నాను, చిన్నచిన్న పన్నులు వదిలేశాను. ఆ నెల వాడకం 1000 యూనిట్లు చేరితే బిల్లులో 125 డాలర్లు తగ్గిస్తారు. 999 దగ్గర ఆగితే పైసా తగ్గదు. అంటే 999 యూనిట్లకి 203 డాలర్లు, 1000 యూనిట్లకి 78 డాలర్లు.

నాన్న ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి చాలాసేపు చూశారు. తర్వాత అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది: "మన దగ్గర స్లాబు దాటుతామేమోనని భయం. ఇక్కడ దాటమేమోనని భయం."

మరి సైట్‌లో వాడకం నెలకి 1000 అని పెట్టి ఎందుకు వెతికానంటే, నేనేమీ గుడ్డిగా పెట్టలేదు. మా సైజు ఇళ్లకి నెలకి సగటున వెయ్యి దాకా అవుతుందని ఫ్రెండ్స్ చెప్పారు, అది నిజమే కూడా. మా ఏడాది మొత్తం 12,660 యూనిట్లు, సగటున నెలకి 1,055. లెక్క ప్రకారం ఆ ప్లాన్ మా కోసమే కుట్టినట్టుంది. కానీ డాలస్ వైపు ఏ ఇల్లూ సగటున బతకదు. మాది గ్యాస్ హీటింగ్. చలికాలంలో కరెంటు వాడేది ఫ్రిజ్, లైట్లు, ఫర్నేస్ ఫ్యాను. నవంబరులో 610, ఫిబ్రవరిలో 700. ఆగస్టులో ఏసీ రాత్రీ పగలూ తిరిగితే 1,890. పన్నెండు నెలల్లో వెయ్యి దాటినవి మే నుంచి సెప్టెంబరు దాకా అయిదే. మిగతా ఏడు నెలలూ 14.9 ప్లస్ డెలివరీ, అంటే ఇరవై సెంట్ల కరెంటు. పూర్తిగా కరెంటు హీటర్ మీద నడిచే అపార్ట్‌మెంట్ వాళ్లకి ఈ ఆకారం వేరేగా ఉంటుంది, జనవరిలో వాళ్లది పైకి లేస్తుంది. ఇర్వింగ్‌లో మాదీ అలాగే ఉండేది. ఆ అనుభవంతోనే ఇక్కడా పప్పులో కాలేశాను.

అప్పటికప్పుడు ప్లాన్ వదిలేద్దామని నా తొందర. మధ్యలో వదిలితే 150 డాలర్ల ఫీజు. ఇల్లు మారినవాళ్లు కొత్త అడ్రస్ రుజువు చూపిస్తే ఈ ఫీజు ఉండదు, మాకది వర్తించదు. నాన్న వద్దన్నారు. "పోయింది ఎలాగూ పోయింది. ఇప్పుడొచ్చేది ఎండాకాలం. వాడి గొయ్యి ఇప్పుడు మనకి పనికొస్తుంది." ఆయన మాటే నిజమైంది. ఆ అయిదు నెలలకి మామూలు ఫ్లాట్ రేటు ప్లాన్‌తో పోలిస్తే మాకు 190 డాలర్లు మిగిలాయి. ఏప్రిల్లో కోపంతో వదిలేసి ఉంటే 150 కట్టి, ఆ 190 కూడా పోగొట్టుకునేదాన్ని.

అయితే మే నెల అంత సులువుగా దాటలేదు. స్మార్ట్ మీటర్ టెక్సస్ అని ఒక సైట్ ఉంది. బిల్లు మీద ఉండే ఈఎస్ఐ ఐడీ (మన కనెక్షన్ నంబరు), మీటర్ నంబరు పెట్టి ఖాతా తెరిస్తే ప్రతి 15 నిమిషాలకీ ఎంత వాడామో మర్నాటికల్లా చూపిస్తుంది. ఉచితం. నాన్నకి అది పేపర్ చదవడంలాంటి అలవాటైపోయింది. కాఫీ తాగుతూ నిన్నటి యూనిట్లు చూసి డైరీలో రాసుకునేవారు. బిల్లు రీడింగ్‌కి రెండు రోజులుందనగా మొత్తం 921కి వచ్చింది. ఆ వారం వానలు, చల్లబడింది. రోజుకి 33 చొప్పున వేసుకుంటే 987 దగ్గర ఆగుతాం. పదమూడు యూనిట్ల దూరంలో 125 డాలర్లు.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో జరిగింది ఏ మీటర్ రీడరూ చూసి ఉండడు. నాన్న స్వయంగా థర్మోస్టాట్ 70 ఫారెన్‌హీట్‌కి దించారు. పిల్లల దుప్పట్లు, కర్టెన్లు, గెస్ట్ రూమ్ బెడ్‌షీట్లు అన్నీ ఉతికి డ్రయర్‌లో వేయించారు. మా అబ్బాయి అడక్కుండానే ఒవెన్లో కేకు చేశాడు. తాతయ్య శాలువా కప్పుకుని, ఏసీ కింద సోఫాలో కూర్చుని, "నలభై ఏళ్లు ఊరూరా తిరిగి లైట్లు ఆర్పండర్రా అని చెప్పినవాణ్ణి" అని గొణుగుతూనే ఉన్నారు. బిల్లు 1,020కి వచ్చింది, 82 డాలర్లు. ఆ పొదుపు పాటించి 987 దగ్గర ఆగి ఉంటే 200 డాలర్లు కట్టేవాళ్లం. కరెంటు తగలేస్తే డబ్బులు మిగిలే లెక్క ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఈ ప్లాన్‌కి నేనిచ్చే రేటింగ్ అయిదుకి ఒకటిన్నర. ఆ అర మార్కు వేసవికి.

సెప్టెంబరు బిల్లు రాగానే నాన్నా నేనూ కూర్చుని ఈసారి పద్ధతిగా చూశాం. పన్నెండు నెలల అసలు యూనిట్లు ఒక వరసలో వేసుకుని, పాత ప్లాన్‌నీ, కొత్తగా కళ్లబడ్డ రెండింటినీ వాటి మీద నడిపించాం.

పాతది: ఏడాదికి 1,945 డాలర్లు.

రెండోది ఏ హంగూ లేని ప్లాన్. ఎనర్జీ చార్జీ 9.2 సెంట్లు, డెలివరీ, అంతే. ఈఎఫ్ఎల్ పై వరసలో 15.0, 14.6, 14.4 అని మూడూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. అలా ఉంటేనే లోపల మెలికలు లేవన్నమాట. ఏడాదికి 1,848. పాతదానికంటే 97 డాలర్లు తక్కువ. ఇంత గొడవకి తొంభై ఏడేనా అనిపించొచ్చు, నాకూ అనిపించింది. కానీ మే నెలలో ఆ కేకూ బెడ్‌షీట్లూ లేకపోతే తేడా 200 దాటేది. పైగా ఈ ప్లాన్‌లో ఎవరూ మీటర్ కేసి చూస్తూ కూర్చోనక్కర్లేదు. రేటు వరసలో పెడితే ఇది ఎక్కడో కింద, రెండో పేజీలో ఉంది.

మూడోది ఫ్రీ నైట్స్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఎనర్జీ చార్జీ సున్నా, పగలు 21 సెంట్లు. డెలివరీ మాత్రం రాత్రి కూడా పడుతుంది, అది కింద చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆయనకి ఇది బాగా నచ్చింది. డిష్‌వాషర్, వాషింగ్ మెషీన్ రాత్రికి మార్చేద్దామన్నారు. స్మార్ట్ మీటర్ లెక్కలు దించి చూస్తే రాత్రి వాటా మాకు 38 శాతం. ఆ లెక్కన ఏడాదికి 2,332. ఫ్లాట్ ప్లాన్‌తో సమానం కావాలంటే రాత్రి వాటా 56 శాతం దాటాలి. గిన్నెలు ఎన్నిసార్లు తోమినా అక్కడికి చేరం, ఎందుకంటే అసలు ఖర్చు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా తిరిగే ఏసీది. ఎలక్ట్రిక్ కారు రోజూ రాత్రి చార్జింగ్ పెట్టుకునే ఇంటికైతే ఈ లెక్క తిరగబడుతుంది. మా వీధిలోనే ఒకాయన రెండు కార్లతో హాయిగా ఉన్నాడు. నాన్న "అల్లుడు గారూ, ముందు కారు కొనండి, తర్వాత చూద్దాం" అనేసరికి ఆ చర్చ అక్కడితో ఆగింది.

వంద శాతం పునరుత్పాదక కరెంటు అని రాసిన ప్లాన్లూ చాలా ఉన్నాయి. మన ఇంటి తీగలోకి వచ్చే కరెంటూ, పక్కింటివాళ్లకి వచ్చేదీ ఒకటే. అంత కరెంటు పునరుత్పాదకంగా తయారైందనే సర్టిఫికెట్లు కంపెనీ కొంటుంది, అంతే తేడా. దేశంలో గాలిమరల కరెంటు అన్నిటికంటే ఎక్కువ తయారయ్యేది ఈ రాష్ట్రంలోనే కాబట్టి వాటి రేట్లు పెద్దగా ఎక్కువేం ఉండవు. మేం తీసుకున్నదీ అలాంటిదే అయింది, వెతికి మాత్రం కాదు.

ఇక ప్లాన్లన్నీ చూపించే సైట్ సంగతి. పవర్ టు చూజ్ అని, రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ వాళ్లే నడుపుతారు. కమీషన్ తీసుకునే ప్రైవేట్ సైట్లూ ఉన్నాయి గానీ నేను దీంతోనే మొదలుపెట్టమంటాను. నెలవారీ వాడకం 500, 1000, 2000లో ఏదో ఒకటి పెట్టుకుని చూడొచ్చు. కనీస వాడకం షరతులూ, క్రెడిట్లూ ఉన్న ప్లాన్లని తీసేయమనే ఫిల్టర్ కూడా ఉంది. అది నొక్కగానే పైనున్న ఏడెనిమిది సెంట్ల ప్లాన్లు మా జాబితాలోంచి మాయమైపోయాయి. మొదటిసారి ఈ ఫిల్టర్ నా కంటికి ఎందుకు ఆనలేదంటే, నేను వెతకలేదు కాబట్టి. జాబితా మొత్తాన్ని స్ప్రెడ్‌షీట్‌గా దించుకోవచ్చు, నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. నా పన్నెండు నెలల అంకెలు దానికి నేనే కలుపుకోవాల్సి వచ్చింది, అదొక్కటే లోటు. నాలుగు నక్షత్రాలు.

ఈ సైట్ అందరికీ పనికిరాదు. ఫ్రిస్కోలో మా తోడికోడలు వాళ్ల వీధికి కోసెర్వ్ అనే సహకార సంఘం కరెంటు. వాళ్లకి ఎంపిక లేదు. అదే ఊళ్లో ఇంకో వీధికి ఆన్‌కోర్, వాళ్లకి ఉంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో, డెంటన్, గార్లండ్‌లలో ఊరి కరెంటు సంస్థలే ఇస్తాయి. లబ్బక్ మాత్రం 2024లో పోటీలోకి వచ్చింది. తోడికోడలు "మాకీ టెన్షన్ లేదు" అంటుంది. నిజం చెప్పాలంటే ఆ మాటకి కొంచెం కుళ్లు పుట్టింది.

తీసుకునేవాళ్లకి ఇంకో రెండు సంగతులు. ఉన్న కంపెనీ మార్చి కొత్తది తీసుకుని మనసు మారితే, మూడు పనిదినాల్లోపు ఫీజు లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఒప్పందం గడువుకి చివరి 14 రోజుల్లో మారినా ఫీజు ఉండదు. గడువు అయిపోయాక ఏమీ చేయకుండా కూర్చుంటే మాత్రం నెలనెలా మారే రేటులోకి నెట్టేస్తారు, అది ఎప్పుడూ మన వైపు ఉండదు. కంపెనీ గుర్తుచేస్తూ నోటీసులు పంపుతుంది, నాకూ వచ్చాయి, ప్రకటనల మెయిళ్ల మధ్య పడి ఉన్నాయి. ఇంకోటి, గడువు జూలై ఆగస్టుల్లో పడకుండా చూసుకోండి. అందరికీ ఏసీ కావాల్సిన రోజుల్లో కొత్త రేటు వెతుక్కోవడం కష్టం. మాది అక్టోబరులో పడటం అదృష్టం.

నాన్న వెళ్లే ముందు వారమే ఫ్లాట్ ప్లాన్‌కి మారాం. లాప్‌టాప్ ముందు ఆయన కూర్చుని, నేను సంతకం పెట్టే ముందు ఈఎఫ్ఎల్ ఇంకోసారి చదివి, "మూడూ దగ్గరగానే ఉన్నాయి, నొక్కు" అన్నారు. నెలన్నర వాడకంతో పూర్తి రేటింగ్ ఇవ్వడం తొందరే గానీ, ప్రస్తుతానికి నాలుగు. అర మార్కు వాళ్ల యాప్‌కి తగ్గించాలని ఉంది, తెరుచుకోవడానికి నిమిషం పడుతుంది.

నవంబరు బిల్లు నిన్న వచ్చింది. 598 యూనిట్లు, 89 డాలర్లు. ఫోటో తీసి గుడివాడకి పంపాను. అయిదు నిమిషాల్లో వాయిస్ మెసేజ్: "పాతదైతే 123 అయ్యేది. బాగుంది. పెరట్లో లైటు రాత్రంతా వెలుగుతోందా, 598 ఎందుకయింది?"